కోత ఆర్డర్ షరతు

"గట్ల గాదు బిడ్డా అంబికా, కంప్యూటర్ కాడికెంచి షురూ చెయ్యకు. నేను జెప్తుంటే మా వదినె పోసవ్వ చెరుకు కాడికెంచి రాయి. అది ఎండకపోతే గీ ముచ్చటే లేదు."

పోసవ్వ మనవరాలు ప్రియదర్శిని బాన్సువాడ బస్టాండు వెనక కిరాయి గదిలో రెండేళ్లు కూర్చుని, ఒక్కతే ఒక గేమ్ తయారు చేసింది. ఫోన్లోనైనా కంప్యూటర్లోనైనా ఆడుకోవచ్చు. చెరుకు బండిని ఫ్యాక్టరీ గేటు దాకా తోలాలి. కాస్త ఏమరితే వెనక బండి ఎడ్లు మన చెరుకు నమిలేస్తాయి. ఆ ఎడ్ల గంటల చప్పుడు పోసవ్వదే. ఇంట్లో ఉన్న పాత మెడగంట తెచ్చి, తనే ఊపి రికార్డు చేయించింది.

ఇంటర్నెట్లో గేములు అమ్మే ఒక పెద్ద స్టోర్‌కు అది నచ్చింది. అమ్మకానికి పెట్టి ఏడాది నిండేదాకా ఇంకెక్కడా అమ్మకూడదని ఒప్పందం పంపారు. ప్రియదర్శిని సంతకానికి పెన్ను తీసింది.

"ఏం రాసిండ్రే అండ్ల?" అంది పోసవ్వ.

"ఏడాది దాకా ఆళ్ల దుకాన్లనే అమ్మాలె అవ్వా."

"మంచిదే. మరి అమ్ముడు ఎప్పుడు షురూ జేస్తరు?"

ప్రియదర్శిని కాగితాలన్నీ వెతికింది. ఆ తేదీ ఎక్కడా లేదు.

"రాయలే అవ్వా."

"ఫ్యాక్టరోళ్లు నా చెరుకు బాండుల గూడ ఎప్పుడు కోస్తరో రాయలే. వేరే ఫ్యాక్టరీకి ఇయ్యొద్దని సంతకం వెట్టిచ్చుకున్నరు. ఇగ కొయ్యుండ్రని కోత ఆర్డరేమో ఇయ్యకపాయె. చెరుకు పూతకొచ్చి నిలువునా ఎండింది. నీది గూడ ఎండవెడ్తవా?"

ప్రియదర్శిని పెన్ను మూసేసింది.

మర్నాడు స్టోర్ మనిషి అఖిలేశ్ వీడియో కాల్ చేశాడు.

"హోలీ లోపల అమ్మకానికి పెట్టకపోతే ఒప్పందం రద్దు. గీ మాట చేర్చుండ్రి," అంది ప్రియదర్శిని.

అఖిలేశ్ నవ్వాడు. "ఇలాంటి షరతు ఎవరూ అడగరు మేడం."

పక్క నుంచి పోసవ్వ తల దూర్చింది. "అడగనోళ్ల చెరుకే ఎండింది బాబూ!"

అతనికేమీ అర్థం కాలేదు. హోలీకి ఇంకా నాలుగు నెలలున్నాయి కదా అని షరతు రాసి పంపాడు. సంతకమైంది.

ఆ నాలుగు నెలలూ "వచ్చే వారం" అన్న జవాబే. సరిగ్గా హోలీ నాడు, వీధంతా రంగులు చల్లుకుంటుంటే, అఖిలేశ్ ఫోన్ చేశాడు.

"పెద్ద కంపెనీ గేమ్ ఒకటి ముందు పెట్టాల్సి వచ్చింది. దసరా దాకా ఆగండి మేడం."

"రేపట్నుంచి నా ఆట నాది సార్. కాయిదం జూసుకోండ్రి."

తెల్లారి మిగతా స్టోర్లన్నిటిలో తనే పెట్టేసింది. వారం తిరక్కుండా బిచ్కుంద బస్సుల్లో, ఆటోల్లో, అందరి ఫోన్లలో ఎడ్లగంటలే గంటలు. సరిహద్దు అవతల దెగ్లూరు నుంచి మరాఠీలో మెచ్చుకోళ్లు వచ్చాయి.

పదో రోజు అఖిలేశే మళ్లీ ఫోన్ చేశాడు. "మా దగ్గర కూడా పెడతారా మేడం? ఏ షరతూ లేదు."

ప్రియదర్శిని అవ్వ వైపు చూసింది. పోసవ్వ పెనం మీద జొన్నరొట్టె తిప్పేసి తలెత్తింది.

"పెట్టుకొమ్మను. గని లైన్ల రమ్మను, అందరి ఎన్కాల!"

"ఇగ సాలు బిడ్డా అంబికా, రాసుడు ఆపు. వదినె మహమ్మద్ నగర్ల బిడ్డ ఇంటికి వోయింది, ఆమెకు చదువు రాదు. ఫోన్ జేసి గిదంతా చదివి వినిపియ్యి. ఆమె గంట ఊపిన ముచ్చట కాడ జర నిమ్మళంగ చదువు."