జడ ముందుకేసుకున్న అమ్మ

"ఈ ఆపరేషనేదో అయిపోనీ, అందరం కలిసి సముద్రం చూడ్డానికి వెళ్దాం" అంది అక్క, రాత్రి భోజనాల దగ్గర.

ఇంకో ఇంట్లో అయితే ఈ మాటకు పిల్లలు ఎగిరి గంతేస్తారు. ఈ ఇంట్లో మాత్రం అక్క కూతురి చేతిలోంచి చెంచా జారి కిందపడింది. పక్కనే కూర్చున్న పిన్ని, అంటే అక్కకు చెల్లెలు, ఎత్తిన ముద్ద కంచంలో వదిలేసింది. పిన్నీ పిల్లా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"సముద్రం ఎందుకులే అక్కా, ఆ ఎండలో" అంది పిన్ని.

"అవునమ్మా, ఆ ఉప్పుగాలి నాకు పడదు" అంది పిల్ల. పడదన్న సంగతి ఆ పిల్లకు కూడా అప్పుడే తెలిసింది.

"సముద్రమంటే పడని పిల్లని ఇప్పుడే చూస్తున్నా" అని అక్క చిన్నబుచ్చుకుని, కంచం తీసుకుని లేచి వెళ్ళిపోయింది. ఆశపడి చెప్పిన మాటను ఇద్దరూ కలిసి తుంచేశారు మరి.

వాళ్ళెందుకు హడలిపోయారో చెబితే మీకు నవ్వొస్తుంది. రానివ్వండి, వాళ్ళకు మాత్రం రాలేదు. పిన్ని ఉద్యోగమే అలాంటిది. సినిమాలూ సీరియళ్ళూ ఫోన్లలోకి పంపే ఒక కంపెనీలో ఆమెది జపాన్ బొమ్మల సినిమాలు, అంటే యానిమేలు, చూసే పని. చూడటమంటే కాళ్ళు బార్లా చాపుకుని చూడటం కాదు. ఒక తెర మీద బొమ్మల కథ నడుస్తుంటే, కథ కథకూ మళ్ళీ మళ్ళీ వచ్చే ఆనవాళ్ళను పట్టుకోవాలి. ఒక్కోదానికి ఒక పేరు పెట్టి, అది వచ్చిన చోటల్లా ఆ పేరు అతికించాలి. స్కూలుకు ఆలస్యమై, నోట్లో బ్రెడ్డుముక్కతో పరిగెత్తి, వీధి మలుపులో కుర్రాణ్ణి ఢీకొట్టే అమ్మాయి వస్తే అది 'బ్రెడ్డు పరుగు'. కుట్ర పన్నుతున్నవాడి కళ్ళు కనబడకుండా కళ్ళజోడు తళుక్కుమంటే 'అద్దాల మెరుపు'. చూసేవాళ్ళు ఆ పేరు నొక్కితే అలాంటి కథలన్నీ వరసగా వచ్చి నిలబడతాయి.

ఆ పేర్లలో సగం పిడుగు పెట్టినవే. పిడుగంటే ఆ చెంచా జారవిడిచిన పిల్ల. సెలవొస్తే చాలు పిన్ని పక్కలో దూరి, దుప్పటి కప్పుకుని, ఎవడు మంచివాడో ఎవడు మోసగాడో వాడి జుట్టు రంగు చూసి చెప్పేస్తుంది. కథలో చచ్చిపోయేవాళ్ళను ముందే పట్టుకోవడంలో మరీ దిట్ట. ముందు గండం పెట్టుకుని 'ఇది అయిపోగానే ఫలానా పని చేద్దాం' అన్నవాడు కథలో మిగలడు. దానికి వీళ్ళు పెట్టుకున్న పేరు 'అయిపోగానే'. ఇంకొకటి అంతకంటే ఖాయమైనది, 'జడ ముందుకేసుకున్న అమ్మ'. వదులుగా అల్లిన జడ ఒక భుజం మీదుగా ముందుకు వేసుకుని, నెమ్మదిగా మాట్లాడుతూ, బిడ్డను చూసి చిరునవ్వు నవ్వే తల్లి. ఆ నవ్వు తర్వాత ఆమె గోడ మీద ఫోటోలో తప్ప ఇంకెక్కడా కనబడదు.

"నవ్వింది పిన్నీ! ఇంక అయిపోయింది" అని పిడుగు చప్పట్లు కొట్టేది. ఎంతమంది అమ్మలను అలా సాగనంపి ఆనక పాప్‌కార్న్ తిన్నారో ఇద్దరూ.

ఇప్పుడు అక్కకు గుండెలో కవాటం మార్చాలి. అక్క స్కూల్లో డ్రిల్లు టీచరు. ఆమె ఈల ఊదితే పిల్లలే కాదు, గేటు బయట పోయే సైకిళ్ళు కూడా ఆగుతాయని స్కూల్లో చెప్పుకుంటారు. ఆ జుట్టెప్పుడూ బిగించి చుట్టిన ముడిలోనే ఉంటుంది. తల్లి పోయినప్పుడు చెల్లెల్ని చంకనేసుకుని పెంచింది ఆమే. పామొచ్చినా దొంగొచ్చినా ఆమె కళ్ళల్లో బెదురన్నది చెల్లెలు ఒక్కసారి కూడా చూడలేదు.

మర్నాడు ఆఫీసులో పిన్ని తెర ముందు కూర్చుంటే అందులోనూ ఒక అమ్మే వచ్చింది. భుజం మీద జడ, మంచం మీద ఎండ, బిడ్డ తల మీద చెయ్యి. పిన్ని బొమ్మను ఆపింది. పేరు అతికించడానికి వేలు రాలేదు. అతికిస్తే ఆ మనిషిని తనే చంపినట్టవుతుందని అనిపించింది.

పక్క సీట్లో సీనియరు తొంగిచూశాడు. "ఏంటమ్మా, అంత తేలికైనది కూడా పట్టుకోలేకపోతున్నావా?"

"సార్, ఇలా జడేసుకున్నవాళ్ళలో బతికినవాళ్ళెవరైనా ఉన్నారా?"

ఆయన గడ్డం గోక్కుని నిజాయితీగా ఆలోచించాడు. "నాకు తెలిసి లేరు" అన్నాడు. పిన్ని ఆ బొమ్మకు పేరు అతికించకుండానే తెర కట్టేసింది.

ఆపరేషన్ రోజు పొద్దున్నే అందరూ ఆస్పత్రిలో ఉన్నారు. బావ రక్తం కోసమని, సంతకాల కోసమని కింది అంతస్తుకూ పై అంతస్తుకూ మధ్య తిరుగుతూనే ఉన్నాడు. అక్కను తయారు చేస్తున్నామని నర్సు తలుపు వేసింది. పిన్నీ పిడుగూ వరండాలో బల్ల మీద కూర్చున్నారు. కాసేపటికి తలుపు తెరుచుకుంది. పిడుగు ముందు లేచి, గడప దాకా వెళ్ళి, అక్కడే కొయ్యబారిపోయింది.

మంచం మీద అక్క పచ్చటి గౌనులో ఆనుకుని కూర్చుని ఉంది. వెల్లకిలా పడుకుంటే ముడి తలకింద గుచ్చుకుంటుందని నర్సు విప్పేసి, వదులుగా అల్లి, ఆ జడను ఎడమ భుజం మీదుగా ముందుకు వేసింది. కిటికీలోంచి సరిగ్గా ఆమె మీదే ఎండ పడుతోంది.

పిడుగు వెనక్కి తిరిగి పరుగు లంకించుకుంది. పిన్ని వెంటపడి మెట్ల మలుపులో పట్టుకుంది. పిల్ల మెట్ల కడ్డీ పట్టుకుని వేలాడింది.

"లోపలికి రాను పిన్నీ. చస్తే రాను."

"అమ్మ నీకోసం చూస్తుందిరా."

"నేనెళ్తే అమ్మ నవ్వుతుంది. నా తల మీద చెయ్యేస్తుంది. అదే చివరి సీన్ అయిపోతుంది. నేను వెళ్ళకపోతే ఆ సీనే ఉండదు కదా? సీన్ లేకపోతే అమ్మ ఎలా పోతుంది?"

పెద్దదన్నాక పిన్ని కసురుకోవాలి. బొమ్మల కథ వేరు, మన బతుకు వేరు అని చెప్పాలి. కానీ పిల్ల చెప్పిన లెక్కలో ఆమెకు తప్పు కనబడలేదు. వీడ్కోలు లేకుండా పోయిన అమ్మ ఏ కథలో ఉంది? తను చూసినవాటిలో ఒక్కటీ గుర్తుకు రాలేదు. భయం పట్టిన మనిషికి బుద్ధి ఎటు లాగితే అటే పోతుంది. పిన్ని పిల్లతోపాటు అక్కడే మెట్టు మీద కూర్చుంది. దాన్ని దగ్గరకు లాక్కుంది. మృత్యువు కళ్ళుగప్పి దాక్కున్నట్టు ఇద్దరూ ఊపిరి బిగబట్టారు.

నర్సు వెతుక్కుంటూ వచ్చింది. "ఇక్కడున్నారా? మీ అక్కగారు పాపనడుగుతున్నారండీ. టైమైపోతోంది."

"వస్తున్నాం, మీరు పదండి" అంది పిన్ని. కదల్లేదు.

పైన స్ట్రెచరు చక్రాల చప్పుడైంది. ఎవరో ఎవర్నో పిలిచారు. పిడుగు చెవులు మూసుకుంది. ఇంకొంచెం సేపు ఇలా ఓర్చుకుంటే చాలు, అక్క లోపలికి వెళ్ళిపోతుంది, గండం గడిచిపోతుంది అని పిన్ని తనకు తానే చెప్పుకుంది.

నర్సు మళ్ళీ వచ్చింది. ఈసారి గొంతులో మర్యాద తగ్గింది. "ఏమ్మా, మీరు మనుషులేనా? ఆవిడ ఒళ్ళంతా వణికిపోతోంది. దుప్పటి కప్పినా ఆగట్లేదు. మా వాళ్ళేరీ, మా వాళ్ళేరీ అని ఒకటే అడుగుతోంది. ఇద్దరూ ఇక్కడ కూర్చుని కబుర్లాడుకుంటున్నారా?"

పిన్ని తలెత్తింది. "అక్క వణుకుతోందా?"

"నవ్వట్లేదా?" అంది పిడుగు.

"నవ్వడమేంటమ్మా నీ మొహం! ఏడుస్తోంది."

పిడుగు కళ్ళల్లోకి ప్రాణం లేచొచ్చింది. "పిన్నీ, అమ్మ ఏడుస్తోందంట!" అని కేక పెట్టి, మెట్లెక్కి పరిగెత్తింది. ఆ పిల్ల సంతోషం చూసి నర్సు నోరు తెరుచుకుని అలాగే నిలబడిపోయింది.

పిన్నికి మాత్రం సంతోషం కలగలేదు. అక్క భయపడుతుందన్న ఊహే ఇన్ని రోజుల్లో తనకు రాలేదు. తెర మీద అంతమంది అమ్మలకు పేరు అతికించింది కదా, ఆ నవ్వు వెనక ఏముందోనని ఒక్కసారైనా ఆలోచించిందా? అక్కకేమవుతుందో, తమకేమవుతుందో, ఇదే గొడవ. సిగ్గుతో, భయంతో, తడబడుతూ ఆమె కూడా పైకి పరిగెత్తింది.

అప్పటికే అక్కను స్ట్రెచరు మీదికి మార్చారు. కళ్ళు ఉబ్బి ఉన్నాయి, ముక్కు ఎర్రగా కందిపోయింది, పళ్ళు టకటకమంటున్నాయి. కూతురు కనబడగానే ఆ కళ్ళు గబగబా తుడిచేసుకుంది. డ్రిల్లు టీచరు కదా, పిల్లల ముందు బెంబేలు పడటం అలవాటు లేదు. వణుకు అణుచుకుని, చెయ్యి చాచి, చక్కగా నవ్వింది.

"నవ్వకమ్మా!" పిడుగు గొంతు చించుకుని అరిచింది. "నవ్వకు! నవ్వొద్దు!"

వరండాలో జనమంతా తిరిగి చూశారు. అక్క ఏమీ అర్థంకాక, పిల్లను ఊరడించాలని ఇంకా కాస్త నవ్వింది. పిల్ల కెవ్వుమంది.

పిన్నికి ఇంక దాచడానికేమీ మిగల్లేదు. స్ట్రెచరు కడ్డీ పట్టుకుని చెప్పేసింది. "అక్కా, తప్పు నాదే. బిడ్డని చూసి నవ్విన అమ్మలు పోతారని దానికి నేనే నేర్పాను. వీడ్కోలు చెప్పకపోతే నువ్వు పోవని మెట్ల మీద కూర్చున్నాం."

అక్క చెల్లెలి వైపు తిరిగింది. "అంటే నేనిక్కడ ఒక్కదాన్నీ చస్తున్నానో బతుకుతున్నానో తెలియక వణుకుతుంటే, మీరిద్దరూ మెట్ల మీదున్నారా?"

"అవునక్కా."

అక్క మొహంలో నవ్వు చెదిరిపోయింది. పెదవి వంకర తిరిగింది. ఆ తర్వాత, స్ట్రెచరు కదులుతుండగా, వరండా అంతా వినబడేలా బావురుమంది. "నాకు భయమేస్తోందే! చచ్చేంత భయంగా ఉందే! ఇన్నాళ్ళూ మీ ఇద్దరి మొహాలు చూసి నోరు మూసుకున్నానే!"

"నాక్కూడా అక్కా" అంది పిన్ని ఏడుస్తూ. ఇంతకాలం ఇద్దరూ ఒకే భయాన్ని ఒకరికి తెలియకుండా ఒకరు మోశారు.

స్ట్రెచరు తోస్తున్నతను కంగారుపడ్డాడు. నర్సు వంగి, "అలా భయపడకూడదమ్మా, బీపీ పెరుగుతుంది" అంది.

"భయపడనివ్వండి ఆంటీ" అంది పిడుగు, తల్లి చెయ్యి రెండు చేతులతో పట్టుకుని పక్కన పరిగెడుతూ. "మేమున్నాం కదా."

ఆపరేషన్ థియేటర్ తలుపు దగ్గర చేతులు విడిపించారు. తలుపులు మూసుకుంటుండగా లోపలినుంచి డ్రిల్లు టీచరు గొంతు వినబడింది. ఏడుపుతో బొంగురుపోయినా అదే గొంతు. "ఇక్కడే ఉండండి ఇద్దరూ! కదిలారో, మీ సంగతి చెప్తా!"

కదల్లేదు. గోడకానుకుని నిలబడ్డారు. తలుపు మీద ఎర్రదీపం వెలిగింది. పిడుగు పిన్ని నడుం చుట్టూ చేతులేసి, మొహం ఆమె పొట్టలో దాచుకుని అడిగింది.

"అమ్మ బతుకుతుందా పిన్నీ?"

"తెలీదు తల్లీ" అంది పిన్ని. పిల్ల ఆ మాటకు ఏడవలేదు. ఇంకా గట్టిగా పట్టుకుంది.