చూద్దాంలే

బట్టలు మడతపెట్టేటప్పుడు ఆమె చేతులు తాము ఇంట్లో ఉన్నామో ఆస్పత్రిలో ఉన్నామో మరిచిపోతాయి. దుప్పటి నాలుగు మూలలూ లోపలికి తిరుగుతాయి. ఒక్క మూల మాత్రం, పట్టుకుని విప్పడానికి వీలుగా, చిన్న చెవిలా బయటికి కనిపిస్తుంది. భర్త చొక్కాలూ అంతే, అత్తగారి శాలువాలూ అంతే. "అమ్మా, నా టీషర్టు తీసుకోవాలంటే గ్లవుజులు వేసుకోవాలేమో అనిపిస్తుంది," అని కూతురు ఎన్నిసార్లు నవ్వినా ఆ చేతులు దారికి రాలేదు. పంతొమ్మిదేళ్ల పని ఒక నవ్వుకి పోతుందా మరి!

ఆమె పనిచేసేది ఆస్పత్రి అట్టడుగు అంతస్తులో, కిటికీ లేని గదిలో. ఆపరేషన్ కత్తెరలు, పట్టకార్లు, క్లాంపులు అక్కడికి నెత్తురంటుకుని వస్తాయి. వాటిని కడిగి, తుడిచి, ఒక్కొక్కటీ లెక్క చూసి, గుడ్డలో చుట్టి ఆవిరి యంత్రంలో పెడతారు. చుట్టిన ప్యాక్ మీద ఒక టేపు ఉంటుంది. ఆవిరి తగిలితే దాని మీది చారలు నల్లబడతాయి. అప్పుడు టెక్నీషియన్ సంతకం చేస్తే ప్యాక్ పైకి, ఆపరేషన్ గదికి వెళ్తుంది. కడగడం నుంచి మోయడం దాకా ఆమె పని. సంతకం డిప్లొమా ఉన్నవాళ్ల పని. ఇప్పటికి ఏడుగురు టెక్నీషియన్లకు ఆమే పని నేర్పింది. మొదటి నెలంతా "అక్కా, అక్కా" అని కొంగు పట్టుకు తిరిగినట్టు తిరుగుతారు. రెండో నెలకి "ఆంటీ" అవుతుంది. సంతకం చేతికి బాగా అలవాటయ్యాక "ఇదిగో, ఇటు చూడు" మాత్రం మిగులుతుంది. వాళ్లమీద ఆమెకు కోపం లేదని అంటుంది గానీ, ఉంది. ఏడుగురి మీదా విడివిడిగా ఉంది.

హాజరు వేసే యంత్రం పక్కన ఒక నోటీసు నెల రోజులుగా వేలాడుతోంది. ఆ డిప్లొమానే, ఉద్యోగాలు చేసుకునేవాళ్ల కోసం సాయంత్రం పూట, రెండేళ్లు. వయసు పరిమితి లేదు. ఇంటర్‌లో సైన్స్ ఉంటే చాలు. ఆమెకు ఉంది. ఆ తరువాతి చదువే లేదు. పెళ్లప్పుడు నాన్న, అత్తారింటికి వెళ్లాక చదువుకుందువుగానిలే అన్నాడు. అత్తారింట్లో, ముందు ఇల్లు అలవాటు కానీ అన్నారు. ఇల్లు అలవాటయ్యేసరికి కడుపులో పిల్ల. పిల్ల బడికి వెళ్లేసరికి మామగారికి పక్షవాతం. ఏ ఒక్కరూ వద్దనలేదు, ఆ మాట ఒప్పుకోవాలి. ఎవరన్నా గట్టిగా వద్దని ఉంటే పోట్లాడి అయినా ఉండేదేమో, ఇరవయ్యేళ్ల వయసులో ఆమెకు నోరు బాగానే ఉండేది.

మూడు వారాల కిందట ఒక ఆదివారం ఉదయం, భర్త ఊడిపోయిన అల్మరా తలుపుకి మరలు బిగిస్తుంటే, మరలు అందిస్తూ ఆమె విషయం కదిపింది. సాయంత్రం చదువు, వారానికి నాలుగు రోజులు, ఇంటికి వచ్చేసరికి ఎనిమిదవుతుంది, మీరేమంటారు అని ఒక్క గుక్కలో అనేసింది. అతను పళ్ల మధ్య పెట్టుకున్న మర తీసి, బిగించి, తలుపు రెండుసార్లు తెరిచి మూసి చూశాడు.

"చూద్దాంలే," అన్నాడు.

అప్పటినుంచి మొదలైంది. 'చూద్దాంలే' అంటే వద్దని కాదు కదా. వద్దనేవాడైతే అప్పుడే అనేవాడు, మొహమాటం ఉన్న మనిషేం కాదు. ఆలోచించి చెబుతానని అర్థం. ఆలోచించాల్సిందే మరి, ఆయనకూ ఇబ్బందులుంటాయి. ఆ బుధవారం అతను తిన్న కంచం తనే కడిగాడు. అలవాటు చేసుకుంటున్నాడన్నమాట అనుకుంది. శుక్రవారం కడగలేదు. అంటే సందేహంలో పడ్డాడు. శనివారం ఆఫీసు నుంచి వచ్చి ఎవరితోనూ మాట్లాడకుండా సోఫాలో కూలబడ్డాడు. సాయంత్రాలు అమ్మకి మాత్రలు ఎవరిస్తారని మథనపడుతున్నాడు కాబోలు అనుకుంది. మర్నాడే ఏడు అరలున్న మాత్రల డబ్బా కొనుక్కొచ్చి, వారానికి సరిపడా సర్ది, అతనికి కనబడేలా బల్ల మీద పెట్టింది. కనబడిందో లేదో తెలియదు. రాత్రి వంట పొద్దున్నే చేసేస్తే సరిపోతుందా అని మూడు రోజులు అరగంట ముందు లేచి చేసి చూసింది. సరిపోతుంది. ఆ మాట కూడా జవాబుల్లో చేర్చి పెట్టుకుంది. ఈ వయసులో అవసరమా అని అడిగితే ఏమనాలి, ఆ డిప్లొమా వస్తే మాత్రం ఏం ఒరుగుతుంది అంటే ఏమనాలి, అన్నీ బస్సులో నిలబడి నోట్లోనే వల్లెవేసుకునేది. ఒకసారి పెదవులు కదిలాయి కాబోలు, పక్క సీటావిడ ఆమెను జాలిగా చూసింది.

మిగతావాళ్లనూ అడగకపోలేదు. అత్తగారు మోకాళ్లకి మందు రాయించుకుంటూ, "నాకేం తెలుస్తుందే అమ్మాయ్, వాడెలా అంటే అలా," అని, కాలు ఇంకాస్త చాపి, "కాస్త ఎడమ మోకాలికి ఇంకా రాయి," అంది. కూతురు మాత్రం "సూపరమ్మా, చేసేయ్" అంది, ఫోన్ మీద నుంచి కళ్లెత్తకుండా. గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగి, తన ప్రాక్టికల్స్ అయ్యాక అయితే ఇంకా బావుంటుంది అని కూడా అంది. ప్రాక్టికల్స్‌కీ అమ్మ చదువుకీ సంబంధం ఏమిటో ఇద్దరికీ తెలుసు. ఆ నెలంతా పిల్లకి వేళకింత తిండి అమరాలి.

అలా నానుతూ నానుతూ గురువారం వచ్చింది. దరఖాస్తుకి శుక్రవారం ఆఖరు, సోమవారం నుంచే తరగతులు.

ఆ గురువారం పని గదిలో ఒక తప్పు జరిగింది. ఎనిమిదో టెక్నీషియన్, వచ్చి ఇంకా మూడు వారాలే అయింది కాబట్టి "అక్కా" దశలోనే ఉన్న పిల్ల, పైనుంచి ఫోన్ల మీద ఫోన్లు వస్తుంటే తట్టుకోలేక, యంత్రంలోంచి వేడివేడి ప్యాకులు తీసి తిన్నగా చల్లటి స్టీలు బల్ల మీద పేర్చేసింది. అరగంట తీగల జాలీ మీద ఆరనివ్వాలి. పైకి మోసుకెళ్దామని ఆమె ఒక ప్యాక్ కింద చెయ్యి పెట్టి ఎత్తగానే అరచేతికి తెలిసిపోయింది. చెమ్మ. తెలిసీ తెలియనట్టుండే చెమ్మ, ఉతికి ఆరేసిన దిండు గలీబు మధ్యలో మిగిలిపోయే తడి లాంటిది.

"ఇది తడిగా ఉందమ్మా," అంది.

"టేపు నల్లబడిందిగా అక్కా, సంతకం కూడా చేసేశాను," అంది ఆ పిల్ల. కళ్లలో నీళ్లు ఒక్కటే తక్కువ.

ఆమె ప్యాక్ కింద పెట్టేసింది. మిగతావాటి అడుగునా చెయ్యి పెట్టి చూసింది. అయిదింటిలో మూడు తడి. తీసుకెళ్లనంది. పంతొమ్మిదేళ్లలో ఆమె ఆ మాట అనడం అది రెండోసారో మూడోసారో. ఇన్‌ఛార్జ్ మేడమ్ దిగి వచ్చి, ముందు ఆమె మీద ఎగిరి, తర్వాత తనూ చెయ్యి పెట్టి చూసి, మూడింటినీ విప్పి, పొడి గుడ్డలో చుట్టి మళ్లీ ఆవిరి పట్టించమంది. పైన ఆపరేషన్ గంట సేపు ఆగింది. అక్కడి డాక్టరు ఫోన్‌లో అరిచిన అరుపులు గదిలో అందరికీ వినబడ్డాయి. అదంతా సర్దుకున్నాక మేడమ్ రిజిస్టర్‌లో 'తడి గమనించినవారు' అన్న చోట టెక్నీషియన్ పేరు రాసింది. ఆమె చూస్తూ నిలబడింది. మేడమ్‌కీ ఇబ్బందిగానే ఉన్నట్టుంది, నీ పేరు రాయకూడదని కాదు, ఈ గడిలో టెక్నీషియన్లనే రాయాలి, నిన్ను రాస్తే రేపు పైవాళ్లు నన్నడుగుతారు అని సర్దిచెప్పింది. ఆమె తలూపింది. తలూపినందుకు తన మీద తనకే ఒళ్లు మండింది.

ఆ తర్వాత ఇద్దరూ మర్నాటి ప్యాకులకు గుడ్డలు మడతపెడుతుండగా ఆమె ఆ పిల్లని అడిగింది. తడిగా ఉంటే పంపకూడదని తనకు తెలుసు. మొదట్లో ఉన్న ముసలి నర్సు చెప్పింది, ఆమె పాటించింది, ఏడుగురికీ చెప్పింది. కానీ ఎందుకు పంపకూడదు? అంత వేడిలో క్రిములన్నీ చచ్చే ఉంటాయి కదా?

ఆ పిల్ల ఆశ్చర్యపోయింది. "నీకు తెలీదా అక్కా? లోపలివి చచ్చిపోతాయి. బయట గాల్లో, బల్ల మీద, మన చేతుల మీద ఉంటాయి కదా, అవే సమస్య. గుడ్డ పొడిగా ఉంటే ఆ నేతలోంచి లోపలికి రాలేవు. తడిస్తే నీటి వెంబడే లోపలికి పాకేస్తాయి. వత్తిలోకి నూనె ఎక్కినట్టు. మా సార్ బొమ్మ గీసి చూపించారు."

ఆమె చేతిలో గుడ్డ అలాగే ఉండిపోయింది. అంతే కదా. ఎంత చిన్న మాట! పంతొమ్మిదేళ్లు తన అరచేతికి తెలిసిన సంగతి తన బుర్రకి ఇవాళ తెలిసింది. ఇంతకాలం ఎవరూ దాచిపెట్టలేదు, చెప్పాలని ఎవరికీ తోచలేదు, అంతే. ఆమెకు ఎంత సంతోషం కలిగిందంటే బాత్రూంలోకి వెళ్లి గడియ పెట్టుకుని ఏడ్చింది. సంతోషానికి ఎవరన్నా అలా ఏడుస్తారా అంటే, అందులో మిగతావన్నీ కూడా కలిసిపోయాయి.

ఇంటికి వచ్చే బస్సులో జవాబులు వల్లెవేసుకోలేదు. ఆ ఒక్క మాటే తిప్పి తిప్పి చూసుకుంది. ఇల్లు తుడిచే బట్ట ఒక కొస బకెట్‌లో పడితే రెండో కొస ఎలా తడుస్తుందో, వానాకాలం గోడ కింది నుంచి చెమ్మ పైకి ఎలా పాకుతుందో, అన్నీ ఆ మాట చుట్టూ వచ్చి చేరాయి. ఇంకా ఇలాంటివి ఎన్ని ఉంటాయో ఆ చదువులో! ఎవరికైనా చెప్పాలి. గుమ్మంలో చెప్పులు విప్పుతూనే మొదలుపెట్టింది. అత్తగారు వేడినీళ్ల సంచి అడిగింది. కూతురి చెవుల్లో ఇయర్‌ఫోన్లున్నాయి. వంటింట్లోకి వెళ్లి అన్నం పెట్టి, కూర వేడిచేసి, కంచాలు సర్ది, అతను తినడానికి కూర్చున్నాక తనూ ఎదురుగా కూర్చుంది.

"ఇవాళ ఆస్పత్రిలో ఒక సంగతి తెలిసిందండీ. తడిగుడ్డ ఉంటుంది కదా," అంది.

"ఊఁ," అన్నాడతను, టీవీలో వాతావరణం చూస్తూ. ఆమె చెప్పింది. సగం దాకా చెప్పాక అతను రిమోట్ అందుకుని శబ్దం పెంచాడు. విసుక్కుని కాదు, ఆమె మాట్లాడుతోందని గమనించక. ఆమె మిగతా సగం ఆపేసి తన కంచంలో అన్నం పెట్టుకుంది. నలుగురున్న ఇంట్లో ఇంత ఒంటరితనం ఎక్కడి నుంచి వచ్చి కూర్చుంటుందో ఆమెకు ఎప్పుడూ అర్థం కాదు. కాసేపు అన్నం కెలికింది. రేపు ఆఖరు తేదీ. వాదనలన్నీ ఒకసారి మనసులో సర్దుకుంది. మాత్రల డబ్బా, పొద్దుటి వంట, ప్రాక్టికల్స్ నెల, అన్నిటికీ సమాధానాలున్నాయి.

"రేపటితో ఆఖరండీ. మరి ఏమనుకున్నారు?"

"దేని గురించి?"

"చదువు గురించి."

అతను కూతురి గది వైపు చూశాడు. "ఎందుకు, ఏం చేసింది? కాలేజీ మారతానంటోందా?"

"నా చదువు. మూడు వారాల కిందట ఆదివారం అడిగాను కదా. మీరు తలుపు బిగిస్తున్నప్పుడు."

అతను నిజంగానే గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాడు. నొసలు ముడిపడ్డాయి, చెయ్యి కంచం మీద ఆగింది. అందులో నటన లేదు, దురుద్దేశం లేదు. "అడిగావా? నాతోనా? ఎప్పుడు?" అన్నాడు.

ఆమెకు అన్నీ వరసగా గుర్తొచ్చాయి. ఆ కడిగిన కంచం, ఆ కడగని కంచం, సోఫాలో ఆ మౌనం. మూడు వారాలుగా ఆ ఇంట్లో ఆమె ఒక్కతే ఇద్దరి తరఫునా వాదించుకుంది. అతని అనుమానాలు ఆమే పుట్టించింది, అతని కష్టాలు ఆమే తలకెత్తుకుంది, అతని బదులు వద్దనీ సరేననీ ఆమే అంటూ వచ్చింది. అతని తలలో ఆ విషయం ఒక్క పూట కూడా లేదు. కోపం వస్తుందేమోనని చూసుకుంది. రాలేదు. లోపల ఏదో ఖాళీ అయి, ఆ ఖాళీలో ఊపిరి బాగా ఆడుతున్నట్టనిపించింది.

"ఇంతకీ ఏం చదువు? సరే, చూద్దాంలే," అన్నాడతను, మజ్జిగ గిన్నె దగ్గరికి లాక్కుంటూ.

"సోమవారం నుంచి సాయంత్రాలు నేను ఇంట్లో ఉండను," అందామె. "వారానికి నాలుగు రోజులు, రెండేళ్లు."

మజ్జిగ పోసుకుంటూ అతను తలూపాడు. ఆమె తనను ఏమీ అడగలేదని అతనికి అర్థం కావడానికి చాలాసేపు పట్టింది.