ఎవరూ తాగని నీళ్ళు

నల్ల కంబళిని తొట్టి పైకప్పు మీద ఎడమ పక్కగా పరిచి, ఫోన్ చెవికి ఆనించుకుని అడిగాడు తొట్ల బాబాయి. "ఇప్పుడో?"

"అలాగే ఉంది బాబాయ్. తెర మీద గోల తగ్గలేదు," అంది ఆఫీసులో కూర్చున్న ఇంజనీరమ్మాయి.

కంబళిని ఇంకో జానెడు జరిపాడు. పొద్దుటినుంచీ ఇదే తంతు. ఆ మైదానంలో మైళ్ళ తరబడి ఇలాంటి తొట్లే, ఒక్కోటీ చిన్న గదంత. లోపల శుద్ధమైన నీళ్ళు, కటిక చీకటి. ఆకాశం నుంచి కంటికి కనపడని రేణువేదైనా దూసుకొచ్చి ఆ నీళ్ళలో పడితే చిన్న మెరుపు మెరుస్తుంది. దాన్ని పట్టడానికి పైన ఒక గాజు కన్ను ఉంటుంది. సూదిమొనంత పగటి వెలుగు చొరబడినా చాలు, ఆ కన్నుకు ఇంకేదీ ఆనదు. ఈ తొట్టికి అదే జబ్బు; వెలుగు ఎక్కణ్ణుంచి దూరుతోందో కంబళి కప్పుతూ వెతుకుతున్నాడు. సాయంత్రంలోగా నయం కాకపోతే నీళ్ళు వదిలేసి విప్పేస్తారట. బాబాయికి ఉద్యోగంలో ఇవాళే ఆఖరి రోజు. జబ్బుపడ్డదాన్ని వదిలేసి పోవడానికి అతనికి మనసొప్పలేదు.

మిల్లు మూతపడి, నడివయసులో వీధిన పడ్డవాణ్ణి పిలిచి అన్నం పెట్టింది ఈ మైదానమే. పనంటే ఏముంది, దుమ్ము తుడవడం, తొట్లకు వీపు రుద్దుకునే ఆవుల్ని అదిలించడం. "ఎవరూ తాగని నీళ్ళకి కాపలా కాసే మనిషిని మిమ్మల్నే చూశాను," అని భార్య ఆటపట్టించేది. ఆ కాపలాయే కూతుర్ని నర్సుని చేసింది. ఆ సంగతి అతను ఏ రోజూ మరిచిపోలేదు.

రేణువులు ఎక్కణ్ణుంచి వస్తాయని ఒకసారి అడిగితే ఇంజనీరమ్మాయి బుర్ర గోక్కుంది. "పెద్దవి, అంటే బాగా ఊపున్నవి, మన నక్షత్రాల గుంపుకి అవతల నుంచి, బాబాయ్. ఎవరు విసిరారో మాకూ తెలీదు. ఒక్కోటీ ధూళికన్నా ఎంతో చిన్నది, ఊపు మాత్రం గట్టిగా విసిరిన బంతంత. పైనున్న గాలిని ఢీకొని కోట్ల ముక్కలై జల్లులా రాలుతుంది. అలాంటిది ఎప్పుడో గానీ రాదు."

కంబళి జరుగుతూ జరుగుతూ కేబుల్ లోపలికి దిగే చోటికి వచ్చింది.

"ఆగండి బాబాయ్, కదపకండి. గోల పోయింది."

అక్కడి రబ్బరు ఎండకి చిట్లి ఉంది. కొత్తది బిగించి, చుట్టూ నల్ల జిగురు దట్టంగా పూశాడు. జ్వరం తగ్గిందో లేదో చూసినట్టు కాసేపు దాని మీద చెయ్యి వేసి ఉంచాడు.

పొద్దు వాలుతుండగా భార్య జీపులో వచ్చింది. అటునుంచి అటే కూతురి దగ్గరికి ప్రయాణం. ఇన్నేళ్ళలో ఆమె తొట్టిని దగ్గరగా చూడటం ఇదే మొదలు. చుట్టూ తిరిగి చూస్తుంటే ఫోన్ మోగింది.

"బాబాయ్, పెద్దది పడింది. చుట్టుపక్కల తొట్లన్నీ మెరిశాయి, అన్నిటికన్నా మీదే ఎక్కువ," అంది ఇంజనీరమ్మాయి. "ఇంక దాని జోలికి ఎవరూ రారు."

బాబాయి కళ్ళు చెమర్చాయి. "నా అదృష్టం తల్లీ. చల్లగా ఉండు," అన్నాడు.

సంగతి విని భార్య తొట్టి వంక చూసింది. "అయితే చుట్టం వచ్చే వేళకి మనం బయల్దేరుతున్నామన్నమాట. ఎంత దూరం నుంచో?"

"వెలుగు నడిచొచ్చినా కోట్ల ఏళ్ళు పడుతుందట."

ఈసారి ఆమె ఆటపట్టించలేదు. "మీరు పదండి, వస్తాను," అని చేతిసంచి తెరిచింది.

జీపు రేపిన దుమ్ము అణిగేసరికి మైదానంలో అలికిడి లేదు. తొట్టి అంచున, గాలికి ఒరగకుండా రాయి ఆనించి పెట్టిన స్టీలు గ్లాసు, దాని నిండా తాగే నీళ్ళు.