వణుకు ఆగిన మనిషి

మా క్యాంప్ తలుపులకు తాళాలు వేస్తుంటే ఖాదర్‌వలి తన అట్టపెట్టె మీద కూర్చుని చూశాడు. ఒమాన్‌లోని ఇబ్రిలో మా పని అయిపోయింది. సోహార్ సైట్‌కు బస్సు వస్తుందని చెప్పి క్యాంప్ బాస్ వీరబ్రహ్మం రూములు ఖాళీ చేయించాడు. బస్సు రాలేదు. మేము గోడ పక్కన ఇసుకలోనే పడుకున్నాం.

మా స్థితికి మేము పేరు పెట్టుకోలేదు. ఇల్లు లేనివాళ్ళంటే వేరే ఎవరో. కడపలో మాకందరికీ ఇళ్ళున్నాయి. చలికి చావడం మంచు పడే దేశాల సంగతి. మనిషి తన గురించి నమ్మిన మాటను ఒళ్ళు వణుకుతున్నా వదలడు.

మరునాడు జనవరి వాన మమ్మల్ని తడిపింది. వెనకే గాలి. ప్రతి అట్టపెట్టెలోనూ ఇంటికి తీసుకుపోవడానికి కొన్న మందపాటి రగ్గు ఉంది. గల్ఫ్ నుంచి రగ్గు లేకుండా పోయేవాడు లేడు. సంచి జిప్పు కూడా తీయకుండా, తాడుతో బిగించి దాచుకుంటాం. ఖాదర్‌వలిది కూతురు ఫర్జానాకు.

"పెట్టె ఇప్పు మామా, వణికి సస్తాండావు," అన్నాడు ఆంజి.

"వాడిన రగ్గు బిడ్డకెట్లిచ్చేదిరా? రేపు బస్సొచ్చాది."

చీకటి పడ్డాక అతని వణుకు ఆగింది. ఉడుకుగా ఉందంటూ చొక్కా విప్పేశాడు.

"మామ ఒంట్లో హీటర్ పెట్టించుకున్యాడప్పా," అన్నాడు ఆంజి. నవ్వుకున్నాం. చలి తగ్గిందనే అనుకున్నాం.

తెల్లవారి ఖాదర్‌వలి లేవలేదు.

అతని శవం వెంట నేను ఆసుపత్రి దాకా పోయాను. వణుకు ఆగిందంటే ఒళ్ళు ఓడిపోయినట్టని నర్సు చెప్పింది. ఆ చివర్లో వేడిగా అనిపిస్తుందట. మనిషి బట్టలు తీసేస్తాడట.

తిరిగి వచ్చేసరికి వీరబ్రహ్మం మావాళ్ళ మధ్య నిలబడి ఉన్నాడు.

"చొక్కా ఇప్పి పండినాడంటే తాగినట్టే గదా. గల్ఫ్‌లో చలికి సచ్చినాడంటే ఎవురైనా నవ్వుతారు. అందరూ ఒక్క మాట మీద ఉండండి. సాయంత్రానికి తలుపులు తీపిస్తా."

నాకు అర్థమైంది. తాగి పోతే తప్పు ఖాదర్‌వలిది. చలికి పోతే తప్పు తాళానిది.

"సచ్చినోడు ఇనడు గదా," అన్నాడు దస్తగిరి. అతను నాలుగు రోజులుగా దగ్గుతున్నాడు. "ఒగ మాట అంటే పోతాది. ఈ పొద్దు గూడా బయట పండల్లా?"

"ఆయప్ప జన్మలో తాగినాడా? ఎట్లంటావన్నా?" ఆంజి అతని మీదికి పోయాడు.

నా మనసూ తలుపు వైపే లాగింది. అప్పుడే ఫోన్ మోగింది. ఫర్జానా. అందరికీ వినపడేలా పెట్టాను.

"అన్నా, మా నాయన తాగి పడిపోయినాడంట. ఆఫీసోళ్ళు చెప్పినారు."

"తాగలేదు పాపా. చలికి పోయినాడు."

కాసేపు ఆమె ఏడుపు వినిపించింది.

"అది గల్ఫ్ గదన్నా. చలి యాడిది? నాకన్నా నిజం చెప్పు."

దస్తగిరి లేచి, తన అట్టపెట్టె తాడు కోసి, రగ్గు తీసి కప్పుకున్నాడు. దాని మీద పసుపు పచ్చని పెద్దపులి బొమ్మ. తర్వాత ఆంజి కోశాడు, నేను కోశాను, అందరూ కోశారు. పెళ్ళాల కోసం, చెల్లెళ్ళ కోసం దాచిన పులులూ గులాబీలూ కప్పుకొని గేటుకు అడ్డంగా కూర్చున్నాం. ఖాదర్‌వలి పెట్టెను మాత్రం తాడుతోనే మధ్యలో పెట్టుకున్నాం.

"పోలీసులకు ఫోన్ చేస్తాండా," అన్నాడు వీరబ్రహ్మం.

"చెయ్ సామీ. మేమూ వాళ్ళకే చెప్పల్ల," అన్నాడు దస్తగిరి.

పొద్దుగూకేవేళకు వ్యాన్ వచ్చింది. ఆ మనిషి ఎలా చనిపోయాడని పోలీసు అరబ్బీలో అడిగాడు.

"బర్ద్," అన్నాడు దస్తగిరి. చలి.

పోలీసు నమ్మలేదు. ఆంజిని అడిగాడు. బర్ద్. నన్ను అడిగాడు. బర్ద్. వరసగా అందరినీ అడిగి, స్టేషన్‌కొచ్చి అదే మాట రాయించమని వ్యాన్ తలుపు తీశాడు. వీరబ్రహ్మం తాళాలు జేబులోనే ఉన్నాయి. ఖాదర్‌వలి పెట్టెను మాతోపాటు ఎక్కించుకున్నాం.

లోపల హీటర్ ఉంది. వెచ్చగా అనిపించగానే భయం వేసింది. ఆంజి దస్తగిరి చెయ్యి పట్టుకొని చూశాడు.

"వణుకుతాండాది," అన్నాడు మాతో.

ఒకరి చెయ్యి ఒకరం పట్టుకున్నాం.