మల్లప్ప ఇంట్లో చెక్క నేల

కట్టంగూర్ మండలంలో, హైవేకు రెండు కిలోమీటర్ల లోపలున్న ఊళ్లో మల్లప్పకు నలభై మేకలూ, అరవై గొర్రెలూ, ఒక స్లాబు ఇల్లూ, ఆ ఇంటి హాల్లో ఒక ఎర్ర కార్పెట్టూ ఉండేవి. మిగతావాటి గురించి ఎవరైనా అడిగితే చెప్పేవాడు. కార్పెట్టు గురించి అడగకపోయినా చెప్పేవాడు.

తెలంగాణ వచ్చిన ఏడు నల్గొండ రోడ్డు మీది ఒక ఫంక్షన్ హాలు చేతులు మారింది. కొత్త యజమాని పాత సామానంతా అమ్మేస్తుంటే మల్లప్ప వెళ్లి, పెళ్లికూతుళ్లు స్టేజీ దాకా నడిచే కార్పెట్టు కొన్నాడు. మేకల ట్రాలీలో వేసుకొని ఇంటికి తెచ్చాడు. అప్పటికే వాళ్ల హాలు గచ్చు నాలుగు చోట్ల పగిలి ఉంది. కింద పోసిన మొరం దిగిపోయి, ఒక మూల గుంట కూడా పడింది. కార్పెట్టు పరిచేసరికి పగుళ్లన్నీ కనబడకుండా పోయాయి. ఆ రోజు మల్లప్ప హాల్లో నాలుగు మూలలా నడిచి చూసుకొని, "ఎన్ని లగ్గాలు చూసిందో గిది. మన ఇంట్ల సుత లగ్గం చూస్తది" అన్నాడు. అప్పుడు అతని కూతురు అక్షిత ఏడో తరగతి.

కార్పెట్టు మురిపెం మల్లప్పది. దాని చాకిరి మాత్రం అతని భార్య గుర్వమ్మది. రెండు నెలలకోసారి దాన్ని నలుగురు పట్టి బయటికి లాగి, గోడ మీద వేసి కర్రతో కొట్టాలి. కొట్టినప్పుడల్లా ఊరి దుమ్మంతా అందులోంచే వస్తున్నట్టు ఉండేది. ఆ తర్వాత రెండు రోజులు గుర్వమ్మ తుమ్ముతూనే ఉండేది. అక్షిత డీఫార్మసీ చదివి నకిరేకల్లో మందుల దుకాణంలో చేరాక, "అమ్మా, నీ తుమ్ములకు గోళీలు గాదు, గా కార్పెట్టు తీసేస్తె సాలు" అని చెప్పింది.

"మీ నాయినకు జెప్పు" అంది గుర్వమ్మ.

చెప్పింది. మల్లప్ప విన్నాడు. విని, మేకలు తోలుకొని గుట్టకు పోయాడు.

ఆ ఏడు వానలు ఆగకుండా పడ్డాయి. పగుళ్లలోంచి నేల చెమ్మ పైకి వచ్చి కార్పెట్టు అడుగునుంచి తడిసింది. ఎండ లేక దాన్ని ఆరబెట్టే వీలు లేకపోయింది. హాల్లో అడుగుపెడితే తడిసిన గొర్రె వాసన వచ్చేది. మల్లప్ప ముక్కుకు అది వాసనగా తోచేది కాదు. అతనికి రోజంతా ఉండేది గొర్రెలతోనే.

అదే వానలకు దొడ్లో మేకల గిట్టలు చెడ్డాయి. నాలుగు మేకలు కుంటడం మొదలుపెట్టాయి. పశువుల డాక్టరు వచ్చి చూసి, మందు రాసి, "బురదల నిలబడుడు వల్ల అయితాంది. ఎత్తుగ చెక్కలు కొట్టిచ్చి దాని మీద కట్టెయ్యి" అని చెప్పిపోయాడు.

మేకల మాటైతే మల్లప్ప రెండోసారి ఆలోచించేవాడు కాదు. మరునాడే వడ్ల విజేందర్‌ను పిలిపించాడు. విజేందర్ ఆ ఊరి వడ్రంగే. రెండేళ్లు హైదరాబాదులో పెద్ద పెద్ద ఫ్లాట్లలో చెక్క నేలలు పరిచే పనికి పోయి, తండ్రికి నడుము పట్టేయడంతో ఊరికి తిరిగొచ్చాడు. ఊరి చెరువులో పూడిక తీసినప్పుడు కొట్టేసిన నల్లతుమ్మ మొద్దులు కొని, పలకలు కోయించి, తన కొట్టంలో పేర్చి ఆరబెట్టుకున్నాడు. మూడేళ్లుగా ఆరిన ఆ చెక్క ఇనుములా ఉండేది. వాటితో మోకాలెత్తున మేకలకు ఒక మంచె లాంటిది కట్టాడు. పెంట కిందికి రాలిపోయేందుకు పలకకూ పలకకూ మధ్య వేలెడు సందు వదిలాడు. పైన రేకులు వేశాడు. పని గురువారం నాటికి అయిపోయింది. ఆదివారం మంచి రోజని, అప్పుడు మేకలను ఎక్కిద్దామని మల్లప్ప అన్నాడు.

శుక్రవారం మధ్యాహ్నం గుర్వమ్మ కొత్త చెక్కల మీద కూర్చొని చిక్కుడుకాయలు తుంచుతోంది. హాల్లో కూర్చుంటే తుమ్ములు, వాకిట్లో బురద. ఇక్కడ పొడిగా ఉంది, గాలి వస్తోంది, కాళ్ల కింద చెక్క వెచ్చగా ఉంది. దుకాణం సెలవు కావడంతో అక్షిత కూడా పక్కనే కూర్చొని ఫోను చూస్తోంది. అప్పుడు వాకిట్లోకి ఒక కారు వచ్చి ఆగింది.

వచ్చినవాళ్లు కొల్లాపూర్ దగ్గరి సంబంధంవాళ్లు. అబ్బాయి మల్లికార్జున్ నందికొండలో కరెంటు పని చేస్తాడు. ఫోటోలు చూసుకోవడం, ఫోనులో రెండు మూడుసార్లు మాట్లాడుకోవడం అయ్యాయి. ఆదివారం వస్తామన్నారు. అబ్బాయి అవ్వ సోమమ్మకు నల్గొండలో కంటి దవాఖాన పని పడితే, "ఇంత దూరం వచ్చినం, ఒకపారి పిల్లను చూసి పోదాం" అని ఆవిడే కారు ఇటు తిప్పించింది. సోమమ్మ, మల్లికార్జున్, అతని తల్లి, తండ్రి, నలుగురూ దిగారు.

గుర్వమ్మ చిక్కుడుకాయలు పక్కన పెట్టి లేచింది. హాలు తలుపు తెరిచి ఒక్కసారి లోపలికి చూసింది. వాసన గుప్పున కొట్టింది. వెంటనే తలుపు దగ్గరగా వేసి వాళ్లవైపు తిరిగింది.

"లోపల జర తడిగున్నది. గీడ కూసుందురు రాండ్రి. కొత్తగ కొట్టిచ్చినం, ఇంక మేకలు ఎక్కలే" అంది. ఆ చివరి మాట అనకుండా ఉండాల్సిందని అనేశాక తట్టింది.

అబ్బాయి తల్లిదండ్రులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. సోమమ్మ మాత్రం చెప్పులు విప్పి, మనుమడి భుజం పట్టుకొని ఎక్కింది. కాళ్లు చాపి కూర్చుంది. అరచేత్తో చెక్కను రుద్ది చూసింది.

"తుమ్మనా?" అంది.

"తుమ్మనే అత్తా."

"మంచిగున్నది బిడ్డా. మా ఇంట్ల అంతా టైల్సే. కాలు పెడితె సల్లగ మోకాళ్ల దాకా గుంజుతది."

ఆ మాటతో మిగతా ముగ్గురూ ఎక్కి కూర్చున్నారు. అక్షిత టీ పెట్టి తెచ్చింది. సిగ్గుపడాల్సిన చోటే ఆమెకు నవ్వు వస్తోంది. మల్లికార్జున్ గ్లాసు అందుకుంటూ నెమ్మదిగా, "మేకల కన్న ముందు మేమే గృహప్రవేశం చేసినమా?" అన్నాడు. అక్షిత ట్రే కింద పెట్టి నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది.

టీలు తాగారు, చుట్టరికాలు కలుపుకున్నారు. ఎవరి మేనత్త ఎవరింటి కోడలో తేల్చుకునేలోపే సోమమ్మ కొంగు మడిచి తల కింద పెట్టుకొని పడుకుంది. ఐదు నిమిషాల్లో గురక. కొడుకు లేపబోతే కోడలు వద్దంది. "ఇరవై రోజులాయె ఆమెకు పగటిపూట కన్ను మూతబడక. పండుకోనీ." దాంతో వాళ్ల ప్రయాణం రెండు గంటలు ఆలస్యమైంది. ఆ రెండు గంటలూ అక్షిత, మల్లికార్జున్ వేపచెట్టు కింద నిలబడి మాట్లాడుకున్నారు. సోమమ్మ లేచేసరికి వాళ్ల మొహాలు చూస్తే ఇక అడగాల్సిందేమీ మిగల్లేదు.

పోయేటప్పుడు సోమమ్మ గుర్వమ్మ చేయి పట్టుకొని, "వరపూజకు మీ ఇంటికే వస్తం. ఇంట్ల గూడ గిట్లనే చెక్కలు కొట్టియ్యి. నేను కుర్చీల కూసోలేను" అంది.

సాయంత్రం మందతో తిరిగొచ్చిన మల్లప్పకు ఈ సంగతి చెబితే అతను ముందు నమ్మలేదు. నమ్మాక మొహం ఎర్రబడింది.

"సంబంధపోళ్లను మేకల దొడ్ల కూసోబెట్టినవా? గంత మంచి కార్పెట్టు ఉండంగ?"

"గా కార్పెట్టు మీద కూసోబెడితె తెల్లారి ఫోన్ జేసి వద్దందురు" అంది గుర్వమ్మ. "మేకల గిట్టలు చెడితె తెల్లారే విజేందర్‌ను పిలిసినవు. నేను ఎనిమిదేండ్ల సంది తుమ్ముతున్న. నాకు రెండు కాళ్లే ఉన్నయని నా మాట లెక్కలేదా?"

మల్లప్ప కంచం ముందు కూర్చున్నాడు. అన్నం తిన్నాడు, చేయి కడుక్కున్నాడు, కండువాతో తుడుచుకున్నాడు. అప్పుడు, "మీ ఇష్టం. నన్నేం అడగకుండ్రి" అన్నాడు. ఆదివారం మేకలను కొత్త చెక్కల మీదికి ఎక్కించి, ఆ రోజంతా వాటి దగ్గరే ఉన్నాడు.

సోమవారం విజేందర్ కొలతలు తీసుకున్నాడు. కార్పెట్టు ఎత్తడానికి నలుగురు వచ్చారు. ఒక మూల పట్టి లేపగానే కిందినుంచి ఒక కప్ప దుమికింది. గుంట పడ్డ మూలలో అది ఎన్నాళ్లుగా కాపురముంటోందో ఎవరికీ తెలియదు. అది నింపాదిగా హాలు దాటి, గడప దాటి, వాకిట్లో నిలబడి చూస్తున్న మల్లప్ప కాళ్ల ముందునుంచి వెళ్లిపోయింది. నవ్వితే బాగుండదని నలుగురూ కార్పెట్టు వైపు తలలు వంచుకున్నారు. ముందు నవ్వింది మల్లప్పే. "కిరాయి గూడ ఇయ్యకుండ ఉన్నదిరా గిది ఇన్ని దినాలు" అన్నాడు. ఇక అందరూ నవ్వారు. కార్పెట్టును మల్లప్ప తానూ ఒక కొస పట్టి మోయించుకుపోయి గడ్డివాము మీద కప్పాడు.

విజేందర్ పది రోజులు పనిచేశాడు. పగిలిన గచ్చును సిమెంటుతో పూడ్చి ఆరనిచ్చాడు. చెమ్మ రాకుండా మందపాటి ప్లాస్టిక్ పరిచి, దాని మీద అడ్డకట్టెలు బిగించి, వాటి మీద తుమ్మ పలకలు కొట్టాడు. ఈసారి సందు లేకుండా, ఒకదాని అంచు ఇంకొకదాని గాడిలో కూర్చునేలా. రందాతో చిత్రిక పట్టినకొద్దీ చెక్క ఎరుపు బయటపడింది. గుర్వమ్మ వంట మధ్యలో వచ్చి చూసి పోయేది. ఆ ఎరుపు చూస్తే ఆమెకు బెల్లం పాకం గుర్తొచ్చేది.

"హైదరాబాద్ల ఎన్ని ఇండ్లల్ల పరిసిననో లెక్కలేదు అత్తమ్మా" అన్నాడు విజేందర్ ఒక రోజు. "పని అయినంక మమ్ముల మల్ల ఆ ఇంట్లకు రానిచ్చెటోళ్లు కాదు. నా పని మీద నేను కూసొని చాయ్ తాగుడు గిదే మొదలు." గుర్వమ్మ అతనికి ఇంకో గ్లాసు పోసింది.

చివరి పలక బిగించి, నూనె రాసి, అది ఆరాక విజేందర్ తలుపు మూయబోయాడు. తలుపు కదల్లేదు. నేల ఎత్తు పెరిగింది కదా, లోపలికి తెరిచి గోడకు ఆనించిన తలుపు అడుగు పలకల అంచుకు తన్ని ఆగిపోయింది. బందులు విప్పి అడుగు చెక్కేద్దామంటే అవి తుప్పు పట్టి రాలేదు. కొత్తవి నల్గొండనుంచి తేవాలి. ఆ పొద్దే విజేందర్ అత్తగారింట్లో బోనాలు.

"రెండు దినాలు ఓపిక పట్టు మామా" అన్నాడు మల్లప్పతో.

"రెండు దినాలు తలుపు బార్ల తెరిసి పెట్టుకోవాల్నా?"

"జర నువ్వే కూసోరాదు."

పక్కింటి లింగస్వామికి మంద అప్పగించి మల్లప్ప కాపలాకు కూర్చున్నాడు. పని మొదలైనప్పటినుంచీ అతను ఆ చెక్కల మీద కాలు పెట్టలేదు. మొదటి రోజు పొద్దున గడప బయట కుర్చీ వేసుకున్నాడు. పదింటికి ఎండ మొహాన కొడితే గడప లోపలికి వచ్చి అంచు మీద కూర్చున్నాడు. మధ్యాహ్నం గోడకు ఆనుకొని కాళ్లు చాపాడు. అన్నం తిన్నాక, ఒక్క నిమిషమని పక్కకు ఒరిగాడు.

సాయంత్రం దుకాణంనుంచి వచ్చిన అక్షితకు బార్లా తెరిచిన తలుపు, హాలు మధ్యలో వెల్లకిలా పడుకొని గాఢనిద్రలో ఉన్న తండ్రి కనిపించారు. గుర్వమ్మ వంటింట్లోంచి సైగ చేసింది, లేపకు అని. తల్లీకూతుళ్లు అతన్ని దాటుకుంటూ చాలాసేపు తిరిగారు. లేచాక మల్లప్ప అరచేత్తో పక్కనున్న పలకను తట్టాడు, ఇంకో పలకను తట్టాడు.

"నడుము పట్టుకుంటలేదు" అన్నాడు, ఎవరితోనూ కాదన్నట్టు.

"ఇంకోపారి చెప్పు, వినబడలే" అంది గుర్వమ్మ.

"మంచిగున్నదంటున్న."

విజేందర్ కొత్త బందులు తెచ్చి తలుపు సరిచేసిన తర్వాత కూడా మల్లప్ప ఇంకో రోజు కాపలా కాశాడు.

వరపూజ దసరా దాటిన వారానికి పెట్టుకున్నారు. వాకిట్లో టెంటు వేశారు గాని, పదకొండింటికి గాలివాన వచ్చి దాన్ని ఒక పక్కకు ఒరిగించింది. వచ్చినవాళ్లంతా హాల్లోకి దూరారు. ఎక్కడివాళ్లక్కడ చెక్కల మీదే కూర్చున్నారు. పూజ అయింది, ఉంగరాలు మార్చుకున్నారు. అబ్బాయి తరఫున డోలు కొట్టేవాళ్లు ముగ్గురు వచ్చారు. వాన వల్ల బయట కొట్టలేక గోడవార నిలబడి ఉన్నారు. సోమమ్మ వాళ్లను చూసి, "గీన్నే కొట్టుండ్రి. జాగా మేమిస్తం" అని జనాన్ని గోడల వైపు జరిపింది.

డోలు మొదలైంది. వాళ్లలో గజ్జెలు కట్టుకున్నవాడు మధ్యలోకి దిగి మొదటి అడుగు వేయగానే హాలంతా గుమ్మని మోగింది. చెక్క కింది ఖాళీలో ఆ దెబ్బ తిరిగి, కూర్చున్న ప్రతివాళ్ల వెన్నులోకి వచ్చింది. ఆడేవాడే ఒక్క క్షణం ఆగి కిందికి చూశాడు. చూసి, రెండో అడుగు ఇంకా గట్టిగా వేశాడు. ఆడవాళ్లు చప్పట్లు అందుకున్నారు. మల్లికార్జున్‌ను ఎవరో మధ్యలోకి తోశారు. అతను అక్షిత చేయి వదలకపోవడంతో ఆమె కూడా వచ్చింది. పట్టుచీర కుచ్చిళ్లు ఒక చేత్తో ఎత్తి పట్టుకొని, ఇంకో చేయి అతని చేతిలో ఉంచి, ఆమె తప్పు అడుగులన్నీ ధైర్యంగా వేసింది.

మల్లప్ప తలుపు దగ్గర నిలబడి చూస్తున్నాడు. గుర్వమ్మ అతని దగ్గరికి వచ్చింది.

"మన లగ్గంల ఆడినవు. మల్ల ఎన్నడన్న ఆడినవా?" అంది.

"ఎక్కడ ఆడాలె? గట్టు మీదనా?"

"గీడ ఆడు."

మల్లప్ప కండువా నడుముకు బిగించి దిగాడు. యాభై ఎనిమిదేళ్ల మనిషి, గుట్టలెక్కి దిగిన కాళ్లు. అతని అడుగుకు వచ్చిన చప్పుడు కుర్రవాళ్ల అడుగులకు రాలేదు. డోలువాడు అది గమనించి దెబ్బను అతని అడుగుకు కలిపాడు. విజేందర్ గోడవార కూర్చొని, అదురుతున్న పలకల మీద రెండు అరచేతులూ ఆనించి, ఎక్కడా ఏదీ లేవడం లేదని చూసుకొని, తర్వాత చూడడం మానేసి చప్పట్లు కొట్టాడు.

ఆట ఆగేసరికి మల్లప్పకు రొప్పు వచ్చింది. చెమట తుడుచుకుంటూ చుట్టూ చూశాడు. బయట వాన తెరిపిచ్చింది, టెంటువాళ్లు గుంజలు నిలబెడుతున్నారు. ఎవరో బయటికి పోదామన్నారు.

"జర ఆగుండ్రి" అన్నాడు మల్లప్ప. డోలువాడి వైపు తిరిగి, "ఇంకొక్కపారి కొట్టు బిడ్డా" అన్నాడు. గుర్వమ్మ కొంగు దోపుకొని తానూ మధ్యలోకి వచ్చింది.