చివరి కొళాయి

మద్రాసు నుంచి రైల్లో దిగిన మీటర్లను పంచాయతీ బోర్డు వారు గిద్దలూరు కొళాయిలకు బిగించిన ఏడు, అందరికంటే ముందు కోపగించుకున్నది నాగేంద్రమ్మ. అంతవరకు ఇంటికింత అని పన్ను కట్టి ఎన్ని నీళ్లయినా పట్టుకునేవారు. ఆమె పెరట్లో తొట్టి నిండి పొర్లి వాకిలంతా బురదైనా కొళాయి కట్టేసేవారు లేరు. ఇప్పుడేమో వాడినంతకూ చెల్లించాలి.

గోడ పక్కన ఆ ఇత్తడి డబ్బాలో ముల్లు తిరుగుతుంటే ఆమె ప్రాణం ఉసూరుమనేది. ఒకనాడు దాని మీద గంప బోర్లించింది. భర్త గురుస్వామి గంప ఎత్తి, గంప కింద కూడా ముల్లు తిరుగుతూనే ఉందని చూపించి నవ్వాడు.

దాంతో ఆమెకు పంతం వచ్చింది. బియ్యం కడిగిన నీళ్లు బర్రెకు పెట్టింది. స్నానాల నీళ్లు అరటి పాదుకు మళ్లించింది. ముల్లు నిన్నటికంటే తక్కువ తిరిగిన రోజు పాడుకుంటూ వంట చేసేది. ఆమెను చూసి పక్కింటి సావిత్రమ్మ, తర్వాత వీధంతా అదే దారి పట్టారు.

నాగేంద్రమ్మ ఇంట్లో కొట్టం ఊడ్చే ఎలీషబా ఉండేది ఊరి బయటి మాలపాలెంలో; అది నీటి గొట్టానికి చిట్టచివర. అక్కడి వీధి కొళాయి పెట్టిన నాటి నుంచి గాలి తప్ప చుక్క వదల్లేదు. ఆడవాళ్లు సగిలేటి చెలమలకు నడిచేవారు. ఒక ఉదయం ఎలీషబా పొద్దెక్కి వచ్చింది. ఎందుకాలస్యమని నాగేంద్రమ్మ అడిగింది.

"మా కొళాయికి నీళ్లు వచ్చినాయమ్మా. మా అత్త నమ్మక వేలు పెట్టి చూసింది. ఏటికి పోయే పని లేదు గదా, పిల్లోళ్లకు తలకు పోసి వచ్చినా."

"ఇప్పుడెట్ల వచ్చినాయే?"

"పైవీధిలో కట్టేస్తా ఉండారు గదా, అందుకే మాదాకా వచ్చినాయని గొట్టాలు చూసే నాగులు చెప్పినాడు."

నాగేంద్రమ్మ వాకిలి వైపు చూసింది. తన వాకిట్లో ఇన్నాళ్లూ బురదైనవి ఎవరి నీళ్లో అప్పుడు తెలిసింది. సిగ్గేసింది. కానీ ఎలీషబా ముఖంలో వెలుగు చూస్తే ఆ సిగ్గు ఎంతోసేపు నిలవలేదు.

సాయంత్రం ఆమె మొదటిసారి పాలేనికి పోయింది. కొళాయి కింద పిల్లలు తడిసి కేరింతలు కొడుతున్నారు. ఎలీషబా మంచం వాల్చబోయింది. నాగేంద్రమ్మ వద్దని, దోసిలి పట్టింది.

"దాహమైతా ఉంది. నీళ్లు పొయ్."

ఎలీషబా ఒక్క క్షణం తటపటాయించి, కడవ వంచింది.