వీశె గుండులో బొట్టు

రంగూన్ శివారు తాకేటాలో ఎవరింట్లో త్రాసు ఉన్నా దండాసి కంటపడకుండా దాచుకునేవారు. చూశాడంటే ఉపన్యాసం తప్పదు. "గుండుని ఒట్టి సేత్తో ముట్టీకండి, సెమటకీ బరువుంటాది" అని మొదలుపెడితే పొయ్యి మీద అన్నం అడుగంటేదాకా ఆపేవాడు కాదు. రంగూన్‌లో సర్కారువారి తూనికల వర్కుషాపులో ఏళ్ళ తరబడి త్రాసులు విప్పి బిగించినవాడు మరి. అంత తెలిసినవాడి చేతిలో సర్టిఫికెట్ మాత్రం లేదు.

కొట్లన్నీ సర్కారు చేతిలోకి పోయాక త్రాసులూ సర్కారువే అయ్యాయి. ఆ ఏడు కొత్త ఉత్తర్వు వచ్చింది. పరీక్ష పాసై టెక్నీషియన్ అనిపించుకున్నవాడే ఇకమీదట త్రాసు మీద చెయ్యి వెయ్యాలి. మిగతావాళ్ళు గోదాంలో బియ్యం బస్తాలు మొయ్యాలి. దండాసి నడుముకి బస్తాలంటే హడలు. నోటికి మాత్రం ఏ హడలూ లేదు. పరీక్ష రోజు సాయంత్రం పులిహోర తినడానికి రమ్మని ముందే వీధి వీధంతా పిలిచేశాడు. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అని భార్య చిలకమ్మ దెప్పనే దెప్పింది.

పరీక్షకి ఎవరి గుండ్లు వాళ్ళు తెచ్చుకోవాలి. సరిగ్గా దాని ముందురోజే విజయదశమి. గంజాం నుంచి ఓడెక్కి వచ్చిన తాతలనాటి నుంచీ ఆ ఇంట్లో దసరాకి పనిముట్లకు బొట్టు పెట్టనిదే మర్నాడు పనిలోకి దిగరు. దండాసి ఇరకాటంలో పడ్డాడు. బొట్టు పెడితే పరీక్షాధికారి ఊ మ్యా థాన్ చూసి బయటికి పొమ్మంటాడు. పెట్టకపోతే అమ్మవారికి కోపం.

చిలకమ్మ అరిటాకుల కోసం పక్కింటికి వెళ్ళినప్పుడు అతనికి బ్రహ్మాండమైన ఆలోచన తట్టింది. ఇత్తడి వీశె గుండుకి పైన పిడి ఉంటుంది. దాని మర విప్పితే లోపల చిన్న గుంట, బరువు సరిచేయడానికి అందులో సీసపు గుళ్ళు. గుండుకి అది గర్భగుడి కాక మరేమిటి! తడి పసుపూ, నూనెలో కలిపిన కుంకుమా లోపల వేలితో అద్ది, పిడి బిగించి, పైన తళతళలాడేలా తుడిచాడు. అమ్మవారినీ సర్కారునీ ఒక్క వేలితో మెప్పించిన మొనగాడు లోకంలో తనొక్కడే అనుకున్నాడు. చెమటకి బరువున్నప్పుడు పసుపుకి ఉండదా అని మాత్రం ఆ మహానుభావుడికి తట్టలేదు.

మర్నాడు పరీక్ష గదిలో, అద్దాల పెట్టెలో, ఊపిరి తగిలితే ఊగే సన్న త్రాసు ఉంది. ఊ మ్యా థాన్ మితభాషి. గురువుగారని అందరూ ఆయన్ని 'సయా' అంటారు. "ఈ త్రాసు సరైనదో కాదో తేల్చు" అన్నాడాయన.

దండాసి తోలుగుడ్డతో తన గుండుని భద్రంగా పట్టుకుని ఎడమ పళ్ళెంలో పెట్టాడు. కుడి పళ్ళెంలో సయా గారి సర్కారు ముద్ర గుండు పెట్టాడు. ఎడమ పళ్ళెం దిగింది.

"త్రాసు తప్పు సయా. దీని చేతులు సమానంగా లేవు. నేను పట్టేస్తానో లేదో చూద్దామనే పెట్టారు కదూ" అన్నాడు బర్మా భాషలో, వెనక కూర్చున్నవాళ్ళకి వినపడేలా.

"పళ్ళేలు మార్చి చూశావా?"

గుండ్లు అటుదిటు మార్చి తూచాలని, తప్పు త్రాసుదైతే ఎడమవైపే దిగుతుందని, గుండుదైతే గుండు వెంటే పోతుందని వర్కుషాపులో కొత్తవాళ్ళకి నూరిపోసింది దండాసే. మార్చాడు. ఈసారి కుడి పళ్ళెం దిగింది.

సయా పిడి విప్పమన్నాడు. విప్పక తప్పలేదు. లోపల సీసపు గుళ్ళు పెళ్ళికూతుళ్ళలా పసుపు కుంకుమలతో కళకళలాడుతున్నాయి.

"ఇదేమిటి కో దండాసి?" అన్నాడాయన, బర్మావాళ్ళ మర్యాదకి పేరు ముందు 'కో' తగిలించి.

బియ్యం బస్తాలు కళ్ళముందు వరసకట్టాయి. "మా ఆవిడ పని సయా. పండగ కదా, బొట్టు పెట్టేసింది. ఆడవాళ్ళకి ఏం తెలుస్తుంది" అనేశాడు.

సయా నవ్వలేదు. "పిడి విప్పితే లోపల గుంట ఉంటుందని ఆమెకి తెలుసా? అయితే బస్తాలు నువ్వు మొయ్యి. ఆమెను పంపు, సర్టిఫికెట్ ఆమెకిస్తాను."

గదంతా గొల్లుమంది. దండాసికి చెవులు కాలిపోయాయి. పసుపు అద్దినందుకు కాదు, ఏ పాపమూ ఎరగని చిలకమ్మ మీదికి తోసినందుకు సిగ్గేసింది. "నేనే పెట్టాను సయా. త్రాసుదీ తప్పు కాదు, మా ఆవిడదీ కాదు. తప్పు నాది" అన్నాడు.

ఊ మ్యా థాన్ తన గుండ్ల పెట్టె మూత తెరిచాడు. లోపలి చెక్కకి బంగారు రేకు అద్ది ఉంది, పగోడాలో అద్దినట్టే. "నేనూ మొక్కుతాను. పెట్టెకి మొక్కుతాను, గుండుకి కాదు. అదంతా కడిగి, ఆరబెట్టి, మళ్ళీ తూచు."

ఈసారి ఎవరూ అడక్కుండానే పళ్ళేలు మార్చాడు దండాసి. ముల్లు రెండుసార్లూ నడిమధ్యనే నిలిచింది. త్రాసు సరైనదేనని ఒక్క ముక్కలో చెప్పి ఊరుకున్నాడు. సయా సంతకం పెట్టాడు.

ఇంటికొచ్చేసరికి వీధి వీధంతా పులిహోర ముందు కూర్చుని ఉంది.

"ఏటి మావా, ముకం అలగెట్టినావు? పాసవనేదేటి?" అంది చిలకమ్మ.

"అయినాను."

"మరేటి?"

పదిమందిలో ఆమె మీద నింద వేశాడు, పదిమందిలోనే దింపాలనిపించింది. గుంట సంగతీ, పసుపు సంగతీ, తను ఆడిన అబద్ధమూ చెప్పేశాడు. ఆకుల మీద చేతులు ఆగిపోయాయి.

చిలకమ్మ లోపలికెళ్ళి కుంకుమ భరిణె తెచ్చింది. మొగుడి నుదుట ఇంత బొట్టు పెట్టింది.

"ఆడోలికేటి తెలుస్తాదన్నావు కదా? నీ పనిముట్లన్నిటికీ వచ్చే దసరాకి నానే బొట్టెడతాను, ఇదిగో, ఇక్కడెడతాను. ఎంత బరువెక్కినా పరవానేదు. నిన్ను అద్దాల పెట్టిలో ఎట్టి తూసీవోలు ఎవులూ నేరు."

వీధంతా నవ్వింది. దండాసీ నవ్వాడు, కాస్త ఆలస్యంగా. ఆ తరవాత తాకేటాలో ఎవరింటి త్రాసు ముందు అతను నోరు తెరవబోయినా, ఎవరో ఒకరు అతని నుదుటికేసి చూసేవారు. టెక్నీషియన్ గారు నోరు మూసుకునేవాడు.